పిల్లల స్టాల్లో అమ్ముతున్న హకల్‌బెరీ ఫిన్

అట్ట మీద గడ్డి టోపీ పెట్టుకున్న కుర్రాడు తెప్ప అంచున కూర్చుని, కాళ్ళు నీళ్ళలో ఆడిస్తూ నవ్వుతున్నాడు. వెనకట్ట మీద ఎనిమిదేళ్ళు నిండిన పిల్లలకు అని రాసి ఉంది. దాని కింద, ఇదొక నవ్వుల సాహసయాత్ర అని రెండు ముక్కలు. మార్క్ ట్వేన్ రాసిన హకల్‌బెరీ ఫిన్ నవల ఇంగ్లీషు పేపర్‌బ్యాక్ ఇది. విజయవాడ పుస్తక ప్రదర్శనలో, పిల్లల స్టాల్లో, రంగులు వేసుకునే పుస్తకాల పక్కన దొరికింది. అట్ట మీది కుర్రాడు ఆ తెప్ప మీదికి ఎలా వచ్చాడో ఆ బొమ్మ వేయించినవాళ్ళు చదివి ఉండరు. తాగిన తండ్రి కత్తి పట్టుకుని గదిలో వెంటబడితే తప్పించుకున్నాడు. తనను ఎవరో చంపేశారని ఊరంతా నమ్మేలా చేసి పారిపోయాడు. అప్పుడు మొదలవుతుంది నవ్వుల సాహసయాత్ర.

పబ్లిషర్ పేరు రాయను. ఇలా అమ్మేది వాళ్ళొక్కరే కాదు.

నా ఉద్యోగమంతా కోర్టుల్లోనే గడిచింది, చివరి భాగం ఫ్యామిలీ కోర్టులో బెంచి క్లర్కుగా. కేసులు పిలవడం, వాయిదాలు రాయడం, తల్లి ఒక బల్ల మీద, తండ్రి ఒక బల్ల మీద కూర్చుంటే మధ్యలో నిలబడ్డ పిల్లలకు మంచినీళ్ళు ఎక్కడున్నాయో చూపించడం. కాబట్టి దీన్ని సాహిత్య విమర్శ అనుకోకండి. కోర్టు వరండాలో బతికినవాడికి ఈ పుస్తకం ఎలా కనిపించిందో చెబుతున్నాను, అంతే.

మా తరంలో చాలామంది హక్‌ని నండూరి రామమోహనరావు గారి తెలుగులోనే మొదట చూశాం. టామ్ సాయర్, రాజు-పేద, కాంచనద్వీపం కూడా ఆయన చేతి మీదుగానే మాకు అందాయి. మా ఊరి శాఖా గ్రంథాలయంలో ఆ పుస్తకాలు చేతులు మారీ మారీ అట్టలు ఊడిపోయి ఉండేవి. ఆ వయసులో మనసులో నిలిచిపోయేవి తెప్ప, ద్వీపం, రాజునని చెప్పుకునే మోసగాడు. ఇప్పుడు తీరిగ్గా ఇంగ్లీషులో మొత్తం చదువుతుంటే నేను అయిదో అధ్యాయం దగ్గర ఆగిపోయాను.

కథ సంగతి కొంచెం చెప్పాలి. పదమూడో పద్నాలుగో ఏళ్ళ హక్‌కి ఒక నిధిలో వాటాగా 6,000 డాలర్లు వచ్చాయి. జడ్జి థాచర్ ఆ డబ్బును వడ్డీకి తిప్పుతున్నాడు. డగ్లస్ అనే వితంతువు పిల్లవాణ్ణి చేరదీసి బడికి పంపుతోంది. డబ్బు సంగతి తెలిసి తండ్రి దిగుతాడు. ఈ తండ్రికి పుస్తకంలో సొంత పేరు కూడా లేదు, కొడుకు పిలిచే 'పాప్' అన్న పిలుపు తప్ప. మీ అమ్మకి చదువు రాదు, నాకు రాదు, నువ్వు మమ్మల్ని మించిపోతావా అన్నది ఆయన మొదటి కోపం. చదివి చూపించమంటాడు. హక్ అర నిమిషం చదవగానే పుస్తకాన్ని ఒక్క దెబ్బతో గది అవతలికి ఎగరగొడతాడు. పాఠాలు బాగా నేర్చుకున్నందుకు బడిలో ఇచ్చిన బొమ్మ ఒకటుంటుంది, కొన్ని ఆవులూ ఒక పిల్లవాడూ ఉన్న చిన్న కాగితం. దాన్ని చించేస్తాడు. కర్రతో కొట్టిన దెబ్బల కన్నా ఆ కాగితం నాకు ఎక్కువ గుర్తుంది.

థాచర్, డగ్లస్ కలిసి కోర్టుకు వెళ్తారు, పిల్లవాణ్ణి తండ్రి నుంచి తప్పించి తమలో ఒకరిని గార్డియన్‌గా వేయమని. ఆ ఊరికి అప్పుడే ఒక కొత్త జడ్జి వచ్చి ఉంటాడు. ఆ ముసలి తండ్రి సంగతి ఆయనకు తెలియదు. కోర్టులు కుటుంబాల్లో జోక్యం చేసుకుని విడదీయకూడదు, తండ్రి దగ్గర్నుంచి బిడ్డను తీసేయడం నాకు ఇష్టం లేదు అని తేల్చేస్తాడు. మొత్తం ఒక్క వాక్యంలో అయిపోతుంది ఈ విచారణ. ట్వేన్ దాని మీద వ్యాఖ్య చేయడు, కోపం తెచ్చుకోడు. అలాంటి వాక్యాన్ని డాకెట్ షీట్ మీద నా చేత్తో రాసిన రోజులు నాకు ఉన్నాయి. మన దగ్గర 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో సహజ గార్డియన్‌గా మొదట తండ్రి పేరే ఉంటుంది. కానీ అదే చట్టం 13వ సెక్షన్ పిల్లల సంక్షేమమే అన్నిటికన్నా ముఖ్యం అంటుంది. ఈ రెండిటి మధ్య ఎటు వాలతారన్నది బెంచి మీద ఉన్నవారిని బట్టి ఉండేది.

నవల నడిచే కాలం 1830-40ల మిస్సౌరీ. కొట్టే ఇంటి నుంచి పిల్లల్ని బయటికి తేవడానికి అమెరికాలో ఒక సంస్థ ఏర్పడిందే 1874లో, న్యూయార్క్‌లో, మేరీ ఎలెన్ అనే చిన్నపిల్ల కేసు తర్వాత. అప్పటికే జంతువుల మీద క్రూరత్వాన్ని అడ్డుకునే సంఘం అక్కడ ఉంది, అది 1866 నాటిది. అంటే గుర్రాన్ని కొడితే అడిగేవాళ్ళు ముందు వచ్చారు, పిల్లవాణ్ణి కొడితే అడిగేవాళ్ళు తర్వాత వచ్చారు.

ఆ కొత్త జడ్జి తర్వాత ముసలాయన్ని తన ఇంటికి తీసుకెళ్ళి, కొత్త బట్టలు తొడిగి, భోజనం పెట్టి, తాగుడు మానమని బోధిస్తాడు. అందరూ కన్నీళ్ళు పెట్టుకుంటారు. అదే రాత్రి ఆయన కిటికీలోంచి దిగి, కొత్త కోటు ఇచ్చి సారా తెచ్చుకుని, తాగి, వసారా కప్పు మీంచి పడి చెయ్యి రెండు చోట్ల విరగ్గొట్టుకుంటాడు. ఇక్కడ నవ్వు వస్తుంది. పొద్దున్న కౌన్సెలింగ్‌లో చెంపలేసుకుని, సాయంత్రం కోర్టు గేటు బయటే తూలే మనుషుల్ని చూసినవాళ్ళకి ఇంకొంచెం ఎక్కువే వస్తుంది. ఆ నవ్వు నచ్చి దీన్ని పిల్లల పుస్తకమని అంటున్నారంటే ఆ తర్వాతి అధ్యాయం తిప్పలేదన్న మాట.

ఆ తర్వాతి అధ్యాయంలో తండ్రి కొడుకుని పడవలో ఎత్తుకెళ్ళి, నది అవతల ఇల్లినాయ్ ఒడ్డున అడవిలో ఉన్న కర్రల గుడిసెలో పెడతాడు. తలుపుకు తాళం, రాత్రుళ్ళు తాళంచెవి తల కింద. ఒకసారి తాళం వేసి మూడు రోజులు రాడు. ఇక్కడ ట్వేన్ రాసిన ఒక సంగతి చాలామంది రచయితలు రాయలేరు. హక్‌కి ఆ గుడిసె బతుకు నచ్చుతుంది! బడి లేదు, స్నానం లేదు, చేపలు పట్టుకోవడం, పడుకోవడం. దెబ్బలొక్కటి పక్కన పెడితే హాయిగా ఉందంటాడు. ఒళ్ళంతా వాతలు తేలాక గానీ, ఇక భరించలేనని అనడు. కోర్టులో పిల్లల్ని ఎవరి దగ్గర ఉంటావని అడిగినప్పుడు, కొట్టే మనిషి వైపే వేలు చూపిన పిల్లలున్నారు. వకీళ్ళు దాన్ని తమకు అనుకూలంగా రాయించుకునేవారు. ఆ జవాబు వెనక ఉన్న అలవాటు గురించి ఏ పిటిషన్‌లోనూ చదవలేదు. ఈ నవల ఆరో అధ్యాయంలో ఉంది.

అదే అధ్యాయంలో తండ్రి తాగి ప్రభుత్వాన్ని తిడతాడు. ఇన్నాళ్ళు కష్టపడి పెంచాను, తీరా కొడుకు సంపాదించి పెట్టే వేళకి చట్టం వచ్చి లాక్కుంటుందట! ఆ మాట ఆ మనిషి నోటే వినాలి. వెంటనే, ఒహాయో నుంచి వచ్చిన చదువుకున్న నల్లజాతి ప్రొఫెసర్‌కి ఓటు హక్కు ఉందని విని మండిపడతాడు, ఇక జన్మలో ఓటు వేయనంటాడు. కొడుకుని తన సొత్తు అనుకునేవాడూ, ఇంకో జాతిని సొత్తు అనుకునేవాడూ ఒక్కడే. నవల మొత్తం ఎటు వెళ్తుందో ఆ తాగుబోతు ఉపన్యాసంలోనే తెలిసిపోతుంది.

ఆ రాత్రే కత్తి. ఒంటి మీద పాములు పాకుతున్నాయని కేకలు పెట్టి, నువ్వు మృత్యుదూతవి అంటూ కొడుకు వెంట పడతాడు. చొక్కా మీది కోటు పట్టుకుంటే హక్ అందులోంచి జారి బయటపడతాడు. తండ్రి అలసి నిద్రపోయాక పిల్లవాడు తుపాకీ దించి, అందులో మందు ఉందో లేదో చూసి, టర్నిప్ దుంపల పీపా మీద ఆనించి, తండ్రి వైపు గురిపెట్టి కూర్చుంటాడు. అధ్యాయం అక్కడ అయిపోతుంది. పొద్దున్న తండ్రికి ఏమీ గుర్తుండదు. ఈ తుపాకీ ఏమిట్రా అంటే, ఎవరో లోపలికి రాబోయారు అని హక్ చెబుతాడు. ఎనిమిదేళ్ళు నిండిన పిల్లలకు!

ఇదే పబ్లిషర్ స్టాల్లో స్కూలు పిల్లల కోసం కుదించిన పల్చటి పుస్తకం కూడా ఉంది. అక్కడే నిలబడి తిరగేశాను. తండ్రి కఠినుడు, అందుకని హక్ పారిపోయాడు అని రెండు వాక్యాల్లో సరిపెట్టారు. పిల్లలకు తెలియకూడదనుకుంటే పుస్తకమే మానేయొచ్చు. ఈ రాత్రి తీసేస్తే ఆ తర్వాత హక్ చేసే ఏ పనికీ అర్థం ఉండదు.

పారిపోవడం ఎంత పకడ్బందీగా చేస్తాడో చూడండి. గొడ్డలితో తలుపు బద్దలు కొడతాడు. అడవిపందిని చంపి నెత్తురు నేల మీద పారిస్తాడు. సంచీ నిండా రాళ్ళు వేసి శవాన్ని ఈడ్చినట్టు నది దాకా జాడ చేస్తాడు. తన జుట్టు పీకి, నెత్తురు పూసిన గొడ్డలికి అంటిస్తాడు. పంచనామా రాసేవాళ్ళు ఏం వెతుకుతారో అన్నీ అక్కడ పెట్టాడు. ఇంటి నుంచి పారిపోయే పిల్లలు సాధారణంగా రైలెక్కుతారు, పట్టుబడతారు, మళ్ళీ అదే ఇంటికి పంపుతారు. చనిపోయినవాణ్ణి వెనక్కి పంపలేరు. అంత చిన్న బుర్రలోకి ఆ ఆలోచన రావాలంటే ఎన్ని సార్లు వెతికి పట్టుకొచ్చి ఉంటారు! తర్వాత ఊరివాళ్ళు శవం పైకి తేలాలని స్టీమరు మీంచి ఫిరంగి పేలుస్తారు, పాదరసం నింపిన రొట్టెలు నీళ్ళలో వదులుతారు. హక్ పొదల్లో దాక్కుని వాటిలో ఒక రొట్టె పట్టుకుని, పాదరసం దులిపేసి తింటాడు. స్టీమరు మీద తండ్రి కూడా ఉంటాడు.

ఇక నది మీద, పారిపోయిన నల్లజాతి బానిస జిమ్‌తో కలిసి. ఇక్కడ నేను గమనించిన ఒక వరస చెబుతాను. హక్ కనిపించిన ప్రతి కొత్త మనిషికీ ఒక అబద్ధపు కుటుంబాన్ని చెబుతాడు. ఒకావిడ దగ్గర ఆడపిల్ల వేషంలో దొరికిపోయాక, అమ్మానాన్న చనిపోయారు, చట్టం నన్నొక దుర్మార్గుడైన రైతుకి అప్పగించింది, వాడు పెట్టే బాధలు భరించలేక పారిపోయాను అంటాడు. ఇంత పెద్ద పుస్తకంలో తన సంగతి తను చెప్పుకున్నది ఆ అబద్ధంలోనే. గ్రాంజర్‌ఫర్డ్‌ల ఇంట్లో ఆశ్రయం దొరికినప్పుడు చెప్పిన కథలో ఇంటిల్లిపాదీ పోగా చివరికి తానూ నాన్నా మిగిలారు, నాన్న కూడా పోయాడు. రాజూ డ్యూకూ అని చెప్పుకుంటూ తెప్ప ఎక్కిన ఇద్దరు మోసగాళ్ళు అడిగితే, తెప్పను స్టీమరు గుద్దింది, నాన్నా తమ్ముడూ మునిగిపోయారు. బానిసల్ని పట్టుకునేవాళ్ళు తెప్ప దగ్గరికి వస్తుంటే, నాన్నకి జబ్బు చేసింది, కాస్త సాయం పట్టండి అంటాడు. వాళ్ళు మశూచి అని భయపడి, ఇరవై డాలర్ల బంగారు నాణేలు చెరొకటి ఇచ్చి దూరంగా పోతారు. ఏ కథలో చూసినా తండ్రి చనిపోయాడు, లేదా చావుబతుకుల్లో ఉన్నాడు. హక్ ఒక్కసారి కూడా నాన్న చావాలని అనుకున్నట్టు చెప్పడు. అబద్ధాల్లో మాత్రం వరసగా చంపుతూ పోతాడు.

చదివేవాళ్ళకి అప్పటికి తెలియనిది ఇంకొకటి ఉంది. దీన్ని చెప్పకుండా ఈ పుస్తకం గురించి రాయడం నా వల్ల కాదు, కాబట్టి ముగింపు ముందే తెలియడం ఇష్టం లేనివాళ్ళు ఈ పేరా వదిలేయండి. తొమ్మిదో అధ్యాయంలో వరదలో కొట్టుకొచ్చిన ఒక ఇంట్లోకి హక్, జిమ్ ఎక్కుతారు. వీపులో తుపాకీ గుండు తగిలి చచ్చిపడిన ఒక మనిషి ఉంటాడు లోపల. జిమ్ ఆ మొహం మీద పాత గుడ్డలు కప్పేసి, చూడకు అంటాడు. మర్నాడు హక్ ఆ శవం గురించి మాట్లాడబోతే, దురదృష్టం అని మాట దాటేస్తాడు. పుస్తకం ఆఖరి పేజీలో గానీ చెప్పడు, అది మీ నాన్నే అని. అంటే హక్ దారి పొడుగునా అబద్ధాల్లో చంపుతూ వచ్చిన మనిషి మొదట్లోనే చచ్చిపోయి ఉన్నాడు. పిల్లవాడు భయపడి పారిపోతున్నది లేని మనిషి నుంచి. మళ్ళీ మొదటి నుంచి చదివితే జిమ్ మీద నాకు కొంచెం కోపం కూడా వచ్చింది. ఆ ఒక్క మాట ముందే చెబితే హక్ ఇంటికి వెళ్ళిపోయేవాడేమో, జిమ్‌కి నది మీద తోడు లేకుండా పోయేదేమో. మా ఆవిడ ఒప్పుకోదు, బిడ్డకు ఆ మొహం చూపించకూడదనే కదా అంటుంది. మా ఇంట్లో ఈ వాదన ఇంకా తెగలేదు.

జిమ్ కూడా పారిపోయినవాడే. 800 డాలర్లకు తనను న్యూ ఓర్లీన్స్‌కి అమ్మేస్తారని విని పారిపోయాడు. ఇరవై మూడో అధ్యాయంలో ఒక తెల్లవారుజామున మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడుస్తుంటాడు. నాలుగేళ్ళ కూతురు ఎలిజబెత్‌ని తలుపు వేయమంటే వేయలేదట, నవ్వుతూ నిలబడిందట. తల మీద గట్టిగా కొట్టాడు. తర్వాత గాలికి తలుపు ధడాలున కొట్టుకున్నా పిల్ల ఉలకలేదు. జ్వరంతో చెవుడొచ్చిందని అప్పుడు తెలిసింది. చేయి చేసుకున్న తండ్రులు ఇద్దరున్నారు ఈ పుస్తకంలో. ఒకడికి పొద్దున్నకి ఏమీ గుర్తుండదు. ఇంకొకడు ఒకే ఒక్క దెబ్బను ఏళ్ళ తరబడి మోస్తున్నాడు. కొట్టించుకున్న పిల్లవాడు పక్కన కూర్చుని అది వింటున్నాడు. ట్వేన్ ఇక్కడ కూడా ఏమీ అనడు, హక్ చేత కూడా అనిపించడు. నా దృష్టిలో పుస్తకం మొత్తానికి ఇదే మంచి పేజీ.

లోపాలూ ఉన్నాయి. రాజూ డ్యూకూ చేసే మోసాలు మొదట్లో బాగుంటాయి, తర్వాత సాగుతాయి. ముప్ఫై మూడో అధ్యాయం నుంచి నలభై మూడు దాకా, ఫెల్ప్స్ వాళ్ళ పొలంలో హక్ స్నేహితుడు టామ్ సాయర్ దిగాక, కథ చేతులు మారిపోతుంది. జిమ్ నిజంగా గదిలో బందీగా ఉంటే టామ్‌కి అదొక ఆట. జిమ్‌కి ఇబ్బంది అని తెలిసినా ఆట కోసం పాముల్నీ ఎలుకల్నీ గదిలోకి తెప్పిస్తాడు. జిమ్‌కి యజమానురాలు ముందే స్వేచ్ఛ ఇచ్చేసిందని టామ్‌కి తెలుసు. తాళం వేసిన గుడిసెలోంచి ప్రాణం అరచేత పట్టుకుని బయటపడ్డ హక్ ఈ ఆటకు తలూపుతూ తిరగడం నాకు మింగుడు పడలేదు. స్నేహితుణ్ణి పట్టివ్వడం కన్నా నరకానికి పోతాను అని, జిమ్ ఆచూకీ రాసిన ఉత్తరం చించేసిన పిల్లవాడు ఇతనేనా అనిపిస్తుంది.

ఇంకొక సంగతి, ముఖ్యంగా పిల్లలకు ఇచ్చేవాళ్ళకి. నల్లజాతివారిని అవమానించే మాట ఇందులో రెండు వందలకు పైగా సార్లు వస్తుంది. 2011లో అమెరికాలో ఒక ఎడిషన్ ఆ మాట తీసేసి బానిస అని మార్చింది, దాని మీద పెద్ద గొడవే అయింది. మన ఇళ్ళలో కులాల పేర్లు తిట్లుగా వాడే వాడుక తెలిసిన పిల్లలకు ఆ మాట ఎందుకుందో పక్కన కూర్చుని చెప్పవచ్చు. ఈ పేపర్‌బ్యాక్‌లో దాని గురించి ఒక్క వాక్యం కూడా లేదు. 1885లో మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ లైబ్రరీ ఈ పుస్తకాన్ని మోటుగా ఉందని నిషేధించింది. ఇప్పటివాళ్ళు అదే పుస్తకాన్ని రంగుల పుస్తకాల పక్కన పెట్టారు. రెండు పనులూ చదవకుండానే చేయొచ్చు.

వస్తువు నాణ్యత గురించి అడిగితే, అక్షరాలు ఆవగింజలంత ఉన్నాయి, వరసల మధ్య సందు లేదు. మొదటి ముద్రణకు ఇ. డబ్ల్యు. కెంబుల్ వేసిన బొమ్మలు ఒక్కటీ లేవు. ఆ బొమ్మల మీద ఏ హక్కులూ మిగిలి లేవు కాబట్టి వేయకపోవడానికి కారణం కనబడదు. జిమ్ మాట్లాడే యాసకు పేజీ కింద అర్థాలు ఇవ్వలేదు. ఇంగ్లీషు మీద పట్టు లేనివాళ్ళు అక్కడే వదిలేస్తారు. నేను పైకి చదువుకుంటే అర్థమైంది, చెవికి తెలిసినంత కంటికి తెలియదు ఆ యాస. ఆ లెక్కన లిబ్రివాక్స్‌లో ఉచితంగా దొరికే ఆడియో నయం. పాఠం కావాలంటే గుటెన్‌బర్గ్ సైట్లో ఉచితం, ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు. తెలుగులో చదవాలంటే నండూరి వారిది ఉండనే ఉంది.

ఎనిమిదో తరగతి దాటిన పిల్లలకు ఇవ్వండి, మొదటి ఏడు అధ్యాయాలు మీరు ముందు చదివి. ఇంట్లో తాగొచ్చి కొట్టే మనిషి ఉన్న పిల్లలకు ఇవ్వాలా అని ఒక టీచరు నన్ను అడిగారు. ఇవ్వండి, కానీ పుస్తకంతో పాటు పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు కూడా ఇవ్వండి అన్నాను. హక్‌కి ఆ నంబరు లేదు, కెనూ పడవ ఉంది.

నవలకు అయిదుకు నాలుగు. పోయిన ఒకటి టామ్ సాయర్ ఖాతాలో రాసుకోండి. ఈ ఎడిషన్‌కి రెండు, అదీ కుట్టు గట్టిగా ఉంది కాబట్టి. అట్టకి సున్నా. మా మనవడికి ఇచ్చే ముందు దానికి పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేశాను.